థియూ ఓటమి: అమెరికా ద్రోహమా, స్వయంకృతమా?

పాతపేపర్లు:
1975 ఏప్రిల్ 21న దక్షిణ వియత్నాం అధ్యక్షుడు న్గుయెన్ వాన్ థియూ టీవీలో కన్నీళ్లు పెట్టుకుని, అమెరికా మాట తప్పిందని దుమ్మెత్తిపోసి రాజీనామా చేశాడు. తొమ్మిది రోజులకు అతని రాజధాని సైగాన్ కమ్యూనిస్టు ఉత్తర వియత్నాం సైన్యానికి చిక్కింది. నన్నడిగితే ఆ ప్రసంగం ఆడలేక మద్దెల ఓడన్న బాపతు. మధ్య పీఠభూములు ఖాళీ చేయమని చెప్పింది వాషింగ్టన్ కాదు, అతనే. మార్చి 14న తీరంలోని కామ్ రాన్‌లో నలుగురు జనరళ్లతో మాట్లాడి తేల్చేశాడు. వాడుకలో లేని, వంతెనలు కూలిన 7బి రోడ్డు మీదుగా సైన్యాన్ని తీరానికి పంపాడు. స్థానిక దళాలకు చెప్పవద్దన్నాడు. రహస్యం దాగలేదు. ఆ పీఠభూముల్లోని ప్లేకూ పట్టణం జనమంతా పిల్లాపాపలతో సైన్యం వెంటే బయల్దేరారు. దారిలో ఎంతమంది చచ్చారో లెక్క తేలలేదు.

కృష్ణాతీరం:
పాతపేపర్లు గారూ, మీరు కథను మార్చిలో మొదలుపెట్టారు. 1973 జనవరి నుంచి చూడండి. పారిస్ శాంతి ఒప్పందం ప్రకారం అమెరికా సైన్యం వెళ్లిపోయింది, ఉత్తరాది సైన్యం మాత్రం దక్షిణంలోనే ఉండిపోయింది. ఆ షరతుకు థియూ మొదట ససేమిరా అన్నారు. ఉత్తరాది ఒప్పందం ఉల్లంఘిస్తే గట్టిగా బదులిస్తామని అమెరికా అధ్యక్షుడు నిక్సన్ స్వయంగా ఉత్తరాలు రాశాకే దిగివచ్చారు. ఆ ఏడాది ఆగస్టుకల్లా అమెరికా చట్టసభ బాంబు దాడులకు తలుపులు మూసేసింది. మరుసటి ఏడాది నిక్సనే పదవి వదిలాడు. సైనిక సాయం 70 కోట్ల డాలర్లకు పడిపోయింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి.

పాతపేపర్లు:
ఉత్తరాలు నిజమే. కానీ వాటిని అమెరికా చట్టసభ ఆమోదించలేదు కదా. ఒక మనిషి సంతకం మీద దేశాన్ని తాకట్టు పెట్టడం ఏ పాలకుడి తెలివి? 1975 జనవరి 6న ఫుయోక్ లాంగ్ రాష్ట్రం మొత్తం పోయింది. అమెరికా విమానం ఒక్కటి రాలేదు. అప్పటికైనా అర్థం కావాలి.

బాటసారి:
మీరిద్దరూ ఒకటి వదిలేశారు. 1967 అధ్యక్ష ఎన్నికలో థియూకు వచ్చింది 35 శాతం లోపు ఓట్లు. 1971లో 94 శాతం. ఎలా? పోటీకి చట్టసభ సభ్యుల సంతకాలు కావాలన్న నిబంధనతో ఉపాధ్యక్షుడు కీని పక్కకు తప్పించారు, మరో పోటీదారు జనరల్ మిన్ తనంతట తాను విరమించుకున్నాడు, బరిలో ఒక్కరే మిగిలారు. జనరళ్లను కూడా సామర్థ్యం చూసి కాక, కుట్ర చేయరన్న నమ్మకం చూసి పెట్టుకున్నారు. 1963లో అప్పటి అధ్యక్షుడు జియెమ్‌పై తిరుగుబాటులో రాజభవనం మీదికి బలగాలను నడిపినవారిలో తానూ ఉన్నాడు మరి, భయం ఉండదా?

కృష్ణాతీరం:
ఆ ఎన్నికను నేనూ సమర్థించను. అయితే 1970 మార్చిలో కౌలు రైతులకు ఉచితంగా భూమి పట్టాలిచ్చే చట్టం తెచ్చింది కూడా ఈయనే. మెకాంగ్ డెల్టాలో కౌలు వ్యవస్థ చాలావరకు పోయింది. అది అధికార దాహం ఒక్కటే ఉన్నవాడి పని కాదు.

బాటసారి:
ఆ మార్కులు వేద్దాం. కానీ ఉత్తర సరిహద్దు వైపున్న హుయే నగరం సంగతి చెప్పండి. మార్చి 20న ప్రాణాలొడ్డి నిలబెడతామని జనానికి ప్రకటన. అదే రోజు సేనానికి వేరే ఆదేశం. అంతకుముందే అక్కడి పారాట్రూపర్ డివిజన్‌ను సైగాన్ రక్షణకని పిలిపించుకున్నారు. నెల తిరగకుండానే పక్కనున్న దనాంగ్ నగరం కూడా పోయింది. దీనికీ చట్టసభ తగ్గించిన డాలర్లకూ ఉన్న సంబంధం నాకు కనబడటం లేదు.

కృష్ణాతీరం:
కనబడుతుంది. ఉన్న బలగం అంతటికీ సరిపోదనుకున్నవాడే కొంత వదులుకుని మిగతాది కాపాడాలనుకుంటాడు. ఆలోచనలో తప్పు లేదు. రెండేళ్ల ముందు, తీరుబడిగా చేయాల్సిన పని రెండు వారాల్లో చేశారు. అక్కడ మీతో ఏకీభవిస్తాను.

పాతపేపర్లు:
అదే నేనన్నది! సైగాన్‌కు తూర్పునున్న సువాన్ లోక్ పట్టణంలో థియూ సైన్యపు 18వ డివిజన్ ఏప్రిల్ 9 నుంచి పన్నెండు రోజుల దాకా నిలబడింది. మందుగుండు కొరత వాళ్లకు లేదా? ఆ ఊరు చేజారిన రోజే ఇతను రాజీనామా చేశాడు, నాలుగు రోజులకు తైవాన్ విమానమెక్కాడు.