ఇరవై మూడేళ్లకే హామ్లెట్: బెన్ విషాకు ఆ వేషం తొందరపడి ఇచ్చారా?

మూడో గంట:

ఇంగ్లీషు నటుడు బెన్ విషా తొలినాళ్ల గురించి చాలాకాలంగా నన్ను వదలని సందేహాన్ని ఇక్కడ చర్చకు పెడుతున్నాను. లండన్‌లోని రాడా నాటక విద్యాలయంలో 2003లో శిక్షణ ముగించుకున్న ఈ యువకుడికి, ఏడాది తిరగకుండానే, 2004 వసంతంలో ఓల్డ్ విక్ రంగస్థలం మీద, షేక్‌స్పియర్ నాటకంలోని డెన్మార్క్ యువరాజు హామ్లెట్ వేషం ఇచ్చారు దర్శకుడు ట్రెవర్ నన్. అప్పటికి విషాకు 23 ఏళ్లు. నాటకం అయిదో అంకంలో సమాధులు తవ్వేవాడు చెప్పే లెక్క ప్రకారం యువరాజుకు ముప్పై నిండాయి. ఆ వేషం మొదట కట్టిన రిచర్డ్ బర్బేజ్ కూడా ముప్పై దాటినవాడే. గత శతాబ్దపు మహానటుడు జాన్ గీల్‌గుడ్ 1921లో ఇదే ఓల్డ్ విక్‌లో ఒకే ఒక్క వాక్యం పలికే వార్తాహరుడిగా అడుగుపెట్టి, 1930లో గాని హామ్లెట్ దాకా రాలేకపోయారు. ఆ తొమ్మిదేళ్లలో గొంతు, ఊపిరి, పద్యం మీద పట్టు ఎలా కుదురుతాయో రంగస్థలం తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు. మొదటి అడుగులోనే శిఖరం మీద నిలబెడితే ఆ కుర్రవాడికి ఎక్కడానికి ఇంకేం మిగులుతుంది? ఆ తర్వాత ఆయన టెలివిజన్ వైపు, సినిమా వైపు మళ్లడం కూడా ఆ తొందరపాటు ఫలితమేనని నా అభిప్రాయం.

వెనుక వరుస:

మూడో గంట గారూ, ప్రశ్న న్యాయమైనదే గాని, మీరు తీసిన లెక్కతోనే మొదలుపెడతాను. సమాధులు తవ్వేవాడి మాట ప్రకారం ముప్పై ఏళ్లన్నది మనం ఎక్కువగా చదివే ప్రతిలో ఉన్న సంగతి. అందులో విదూషకుడు యోరిక్ పుర్రె భూమిలో పడి ఇరవై మూడేళ్లయింది. కానీ 1603లో అచ్చయిన మొదటి ప్రతిలో అదే పుర్రెకు పన్నెండేళ్లే. చిన్ననాడు తనను వీపున మోసి ఆడించిన యోరిక్‌ను హామ్లెట్ తలచుకుంటాడు కనుక, ఆ ప్రతి ప్రకారం అతనికి ఇరవై కూడా ఉండవు. పైగా మొదటి అంకంలోనే విటెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి తిరిగి వెళ్లవద్దని పినతండ్రి అతణ్ణి ఆపుతాడు. అంటే తండ్రి చావుతో చదువు మధ్యలో ఇంటికి వచ్చిన విద్యార్థి అతను. ఆ పాత్రను 23 ఏళ్లవాడికి ఇవ్వడం మూలాన్ని కాదనడం ఎలా అవుతుంది?

ట్రెవర్ నన్ ప్రయోగం నిలబడింది కూడా ఈ ఊహ మీదే. నాటకాన్ని ఆయన ఈనాటి దుస్తుల్లో, ఈనాటి రాజకుటుంబంలో పెట్టారు. హామ్లెట్ ప్రేమించిన ఒఫీలియా వేషం సమంతా విటేకర్ అనే చిన్న వయసు నటిది; తల్లి గెర్‌ట్రూడ్‌గా ఇమోజెన్ స్టబ్స్. జీవించడమా, మరణించడమా అని తర్కించుకునే స్వగతంలో ఈ హామ్లెట్ దగ్గర మాత్రల సీసా ఉంటుంది. నలభై ఏళ్ల నటుడు పలికినప్పుడు ఆ వాక్యాలు తత్త్వచింతనలా వినిపించడం సహజం. ఆ సీసాను కళ్లెదుట పెట్టుకున్న సన్నటి కుర్రవాడు పలికితే అవి ఈ రాత్రి తెల్లవారుతుందా అన్న ప్రశ్నగా మారతాయి, చూసేవాళ్లకు అతణ్ణి ఎవరైనా వెళ్లి పట్టుకుంటే బాగుండుననిపిస్తుంది. ఆ భయం అనుభవంతో తెచ్చిపెట్టుకోగలిగేది కాదని నేను గట్టిగా నమ్ముతాను. ఇలాంటి ప్రయోగం అదే మొదటిది కూడా కాదు. 1965లో షేక్‌స్పియర్ సొంతూరు స్ట్రాట్‌ఫర్డ్‌లో పీటర్ హాల్ 24 ఏళ్ల డేవిడ్ వార్నర్‌కు ఇదే వేషం ఇచ్చి, మెడలో పొడవాటి మఫ్లర్‌తో కాలేజీ కుర్రవాడిలా నిలబెట్టినప్పుడు యువ ప్రేక్షకులు అతనిలో తమనే చూసుకున్నారు.

ఏడాది తిరగకుండానే అన్నారు. నిజమే, కానీ అది సగం కథే. విషా బెడ్‌ఫర్డ్‌షైర్ నుంచి వచ్చినవాడు. బడి రోజుల్లోనే హిచిన్ పట్టణంలోని యువ నాటక బృందంలో పనిచేశాడు. రాడా చదువు ముగియక ముందే 2001లో వచ్చిన ఒక చిన్న సినిమాతో బ్రిటిష్ ఇండిపెండెంట్ సినిమా పురస్కారాల్లో కొత్త నటుడిగా బహుమతి అందుకున్నాడు. నేషనల్ థియేటర్‌లో ఒక పెద్ద నాటకంలో చిన్న వేషం కట్టాడు. అన్నిటికంటే ముఖ్యమైన విషయం, నాలుగు వేల పంక్తుల నాటకంలో మూడో వంతుకు పైగా మోసే ఆ పాత్ర బరువును నన్ ఒక్కడి భుజాన పెట్టలేదు. వారంలో కొన్ని ప్రదర్శనల్లో హామ్లెట్‌గా అల్ వీవర్ అనే మరో యువనటుడు వేసేవాడు. తొందరపడే దర్శకుడు ఆ జాగ్రత్త తీసుకోడు.

ఇక టెలివిజన్ వైపు మళ్లాడన్న మాట. 2006లో నేషనల్ థియేటర్‌లో కేటీ మిచెల్ దర్శకత్వంలో చెహోవ్ నాటకంలో కాన్‌స్టాంటిన్‌గా, 2008లో మళ్లీ ఆమె దగ్గరే దోస్తోయెవ్‌స్కీ కథలోని మిష్కిన్‌గా వేసినవాడు రంగస్థలాన్ని వదిలాడని ఎలా అనగలం? అదే 2008లో బీబీసీ వరుసగా అయిదు రాత్రులు ప్రసారం చేసిన 'క్రిమినల్ జస్టిస్' ఆయనకు అంతర్జాతీయ ఎమ్మీ తెచ్చిపెట్టింది. మనలో చాలామంది విక్రాంత్ మాస్సీ, పంకజ్ త్రిపాఠీ నటించిన హిందీ సిరీస్‌గా ఈ కథను చూసే ఉంటారు. దాని మూలం ఇదే. హత్యా నేరం మీద పడిన కుర్రవాడు బెన్ కూల్టర్‌గా విషా చేసిన పని చూడండి. పోలీసు స్టేషన్‌లో ప్రశ్నలు కురుస్తుంటే అతను ఎక్కువగా వినడమే చేస్తాడు. నిజంగా వింటున్నట్టు కనిపించడం హామ్లెట్ నేర్పే విద్యే, ఎందుకంటే మొదటి అంకంలో చాలాచోట్ల యువరాజు వినేవాడే.

తెరచాటు:

వెనుక వరుస గారి వాదన బాగుంది గాని, నెగ్గినవాడిని చూపించి నియమం చెప్పడం సరికాదని నాకనిపిస్తుంది. అలాంటి అవకాశం దక్కి తడబడి, తర్వాత ఎవరికీ గుర్తులేకుండా పోయినవారు ఈ చర్చలోకి రారు కదా. గీల్‌గుడ్ కాలంలో కుర్ర నటులు ఊరూరి రెపర్టరీ బృందాల్లో వారానికో నాటకం వేస్తూ, తప్పులు చేస్తూ నేర్చుకునేవారు. ఆ బృందాలు చాలావరకు మూతపడ్డాయి. ఆ మెట్లు లేని కాలంలో ఒక్కడిని పైకి ఎత్తి చూపించడం మిగతావారికి ఏ దారీ చూపదు. నా దృష్టిలో ఆదర్శం విషా కాదు, ఆ ప్రదర్శనలోనే ఒఫీలియా అన్న లేయర్టిస్ వేషం వేసిన రోరీ కినియర్.

వెనుక వరుస:

తెరచాటు గారూ, రెపర్టరీ బృందాల గురించి మీరన్నది పూర్తిగా ఒప్పుకుంటాను. ఆ నష్టం పూడ్చలేనిది, ఒక్క విషా విజయం దానికి జవాబు కాదు. కినియర్ పేరు మీరే ఎత్తడం నాకు సంతోషంగా ఉంది. 2004లో హామ్లెట్ కత్తికి ఎదురు నిలిచిన ఆ లేయర్టిస్ మరో ఆరేళ్లు చిన్నా పెద్దా పాత్రలు వేసి, 2010లో నేషనల్ థియేటర్‌లో నికొలస్ హైట్నర్ దర్శకత్వంలో, 32వ ఏట తానే హామ్లెట్ అయ్యాడు. ఇది మూడో గంట గారు కోరుకున్న క్రమం. కినియర్ హామ్లెట్ తర్కించే మనిషి, అధికారం తనను గమనిస్తోందని తెలిసినవాడు. విషా హామ్లెట్‌కు ఆ తెలివిడి ఇంకా రాలేదు. రెండూ నాటకంలో ఉన్నవే. అందుకే ఒకదాన్ని పచ్చిదని, మరొకదాన్ని పండిందని అనలేకపోతున్నాను.

ఈ ఇద్దరినీ 2012లో బీబీసీ మళ్లీ ఎదురెదురుగా నిలబెట్టింది. రూపర్ట్ గూల్డ్ తీసిన షేక్‌స్పియర్ నాటకం 'రెండో రిచర్డ్'లో రాజు విషా, కిరీటం లాక్కునే బోలింగ్‌బ్రోక్ కినియర్. విషాకు బాఫ్టా ఉత్తమ నటుడి పురస్కారం తెచ్చిన పాత్ర అది. నాలుగో అంకంలో రిచర్డ్ కిరీటాన్ని ఒక పక్క తాను పట్టుకుని, రెండో పక్క పట్టుకొమ్మని బోలింగ్‌బ్రోక్‌ను పిలిచి, ఇది రెండు చేదలున్న లోతైన బావి అంటాడు. ఒక చేద ఖాళీగా పైన ఊగుతుంది, రెండోది నీళ్లతో బరువెక్కి కంటికి కనపడనంత కిందికి దిగుతుంది. మూడో గంట గారూ, ఆ ఒక్క దృశ్యం విషా నోట వినండి. ఆ గొంతులో ఎక్కకుండా దాటేసిన మెట్టు ఎక్కడ కనిపించిందో వచ్చి చెప్పండి, అక్కడినుంచి మాట్లాడుకుందాం.