పెళుసుబారిన డైమ్ నవల: విడదీసి స్కాన్ చేయాలా, ముట్టుకోకుండా దాచాలా?

పాతకాగితం:
నా దగ్గర 1890ల నాటి నిక్ కార్టర్ లైబ్రరీ సంచిక ఒకటుంది. నిక్ కార్టర్ అనే డిటెక్టివ్ కథ, అప్పట్లో అమెరికాలో ఐదు సెంట్లకు అమ్మారు. ఇలాంటి చౌక కథల పుస్తకాల్నే డైమ్ నవలలంటారు. పేజీ తిప్పితే అంచులు అప్పడంలా విరిగి ఒళ్లో రాలుతున్నాయి. మడత దగ్గర పిన్నులు తుప్పు పట్టి, చుట్టూ కాగితం చిల్లులు పడింది. పిన్నులు పీకేసి, కాగితాలు విడదీసి స్కాన్ చేద్దామనుకుంటున్నాను. తప్పా?

న్యూజెర్సీ నుంచి:
తప్పేనండీ. విడదీశాక అది పుస్తకం కాదు, కాగితాల కట్ట. పైగా కథ ఎక్కడికీ పోదు. దాన్ని ప్రచురించిన స్ట్రీట్ అండ్ స్మిత్ వాళ్లు నిక్ కార్టర్ కథల్ని పేర్లు మార్చి ఎన్నిసార్లు అచ్చేశారో! మిగలాల్సింది ఆ మొదటి సంచికే. దాని ముఖచిత్రం, ప్రకటనలు, ఎవరో కుర్రాడు పెన్సిల్‌తో రాసుకున్న పేరు. నావన్నీ పాలిస్టర్ కవర్లలో పెట్టి దాచాను. ఏడాదికోసారి కూడా తెరవను.

పాతకాగితం:
మళ్లీ అచ్చేసినప్పుడు కొన్నిసార్లు రెండు మూడు కథలు కలిపి ఒకటి చేశారు. అలాంటప్పుడు ‘ఎక్కడికీ పోదు’ అంటే ఎలాగండీ? నిక్ కార్టర్ 1886లో వచ్చాడు. షెర్లాక్ హోమ్స్ అచ్చులో కనిపించింది 1887లో! ఆ తొలినాటి కథలు జనం ఎలా చదివారో అలాగే చదవాలని నా తపన. ఇక కవరు సంగతి. కలపగుజ్జు కాగితంలో లిగ్నిన్ (కలపకు గట్టిదనమిచ్చే పదార్థం) ఉంటుంది, సిరా పాకకుండా వేసిన పటిక ఉంటుంది. ఆమ్లం లోపలే పుడుతుంది. చల్లగా, పొడిగా ఉంచితే నెమ్మదిస్తుందే తప్ప ఆగదు. మీరు తెరవని పెట్టెలోనూ అదే జరుగుతోంది. ఎవరూ చదవకుండా పొడైపోతే కాపాడినట్టా?

బైండింగ్ బాబాయ్:
ఇద్దరూ కాస్త ఆగండి. ఈ పనిలో ముప్పై ఏళ్లున్నాను. ముందు నార్తర్న్ ఇల్లినాయ్ యూనివర్సిటీ డిజిటల్ సేకరణలో వెతుకు బాబూ. జోహాన్సెన్, లెబ్లాంక్ అనే సేకర్తలు కూడబెట్టిన డైమ్ నవలలు అక్కడే ఉన్నాయి. దొరికితే నీ ప్రతి జోలికి వెళ్లకు. దొరక్కపోతే ఫ్లాట్‌బెడ్ స్కానర్ మాత్రం వాడకు, మూత నొక్కగానే మడత పుటుక్కుమంటుంది. సగమే తెరిచి, అట్టల కింద మెత్తటి దిండ్లు పెట్టి, పైనుంచి ఫోటోలు తియ్యి. పిన్ను తీయక తప్పదనుకో, పీకొద్దు. వంగిన కాళ్లను పల్చటి రేకుతో ఒక్కోటీ లేపి నిలబెట్టు, మెల్లగా వదులుతుంది. సెల్లోటేపు, లామినేషన్ మాటే ఎత్తొద్దు.

న్యూజెర్సీ నుంచి:
ఫోటోలకు నాకేం అభ్యంతరం లేదండీ. పిన్నుల జోలికి మాత్రం వద్దనే అంటాను. ఒకసారి తీస్తే మళ్లీ అలా కూర్చోదు.

పాతకాగితం:
వెతికాను, నా సంచిక నంబరు అక్కడ నాకు దొరకలేదు. నిన్న రాత్రి సగం తెరిచి నాలుగు పేజీలు తీశాను. ప్రతి వరుసలో మడత వైపు రెండు మూడు అక్షరాలు మరుగైపోతున్నాయి. తుప్పు పిన్ను ఉంచినా ఆ కాగితాన్ని తినేస్తుంది. ఆదివారం పగటి వెలుగులో బాబాయ్ చెప్పినట్టు కాళ్లు లేపి తీస్తాను. రాలిన ముక్కలు ఒక్కటీ పారేయలేదు, విడిగా కవరులో దాస్తున్నాను.