బిష్కెక్‌లో కంపెనీ: అక్కడివాళ్లను కలుపుకోవాలా, వద్దా?

కృష్ణాతీరం:
కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో మన మెడిసిన్ పిల్లల కోసం మెస్సు పెడతానని, కంపెనీలో అక్కడి మనిషిని కలుపుకోవాలా అని తమ్ముడు కొత్తవాడు అడిగాడు. ఆరేళ్లు అదే ఊళ్లో మెస్సు నడిపి, 2024 చివర్లో మూసేసి వచ్చినవాణ్ణి. నా మాట: వద్దు.

నేను వెళ్లినప్పుడు నాకు రష్యన్ ఒక్క అక్షరం రాదు. శానిటరీ తనిఖీలు, ట్యాక్సు, ఇంటి ఓనరు, అన్నీ చూస్తాడని ఒకతన్ని పెట్టుకున్నా. నాలుగో ఏడు సంక్రాంతికి ఇంటికొచ్చి తిరిగి వెళ్లేసరికి బ్యాంకు ఖాతాలో ఏమీ లేదు. డీప్ ఫ్రీజర్లు రెండూ అమ్మేశాడు. పోలీసుల దగ్గరికి పోతే కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయన్నారు. విదేశీయుడి డబ్బుకు అక్కడ దిక్కులేదు. కుమ్‌తోర్ బంగారు గనినే కెనడా కంపెనీ సెంటెర్రా చేతుల్లోంచి 2021లో ప్రభుత్వం లాగేసుకుంది. అంతటివాళ్లకే అలా జరిగితే మనమెంత?

తాష్కెంట్ బాటసారి:
కుమ్‌తోర్ సంగతి వేరండీ. అప్పట్లో దేశం మొత్తం ఉత్పత్తిలో దాదాపు పదో వంతు ఆ ఒక్క గనిదే. దాని చుట్టూ ఎన్నో ఏళ్లుగా గొడవ నడిచింది. మెస్సు గిన్నెల కోసం ప్రభుత్వం రాదు.

ఆ దేశాల్లో నన్ను ముంచింది మనిషి కాదు, డాలరు రేటు. నేను ఉజ్బెకిస్తాన్‌కు మందులు తెప్పించేవాణ్ణి. అధికారిక రేటు ఒకటి, బజారు రేటు దానికి రెట్టింపు. సరుకు అమ్మగా వచ్చిన సోమ్‌లను, అంటే అక్కడి డబ్బును, బ్యాంకులో డాలర్లు చేసుకోవడానికి నెలల తరబడి వరుసలో ఉండాలి. 2017 సెప్టెంబర్ 5న ప్రభుత్వం ఒక్క రోజులో డాలరును 4,200 నుంచి 8,100కు తెచ్చింది. పాత రేటుకు వస్తాయని నేను వరుసలో పెట్టిన డబ్బు ఆ పూటకి సగమైంది. కానీ ఆ తర్వాత అడిగినప్పుడల్లా డాలరు దొరికింది. కాబట్టి తమ్ముడూ, వచ్చేది ఏ డబ్బు, అద్దె కట్టేది ఏ డబ్బు, ముందు అది చూసుకో.

కృష్ణాతీరం:
నేను దొంగతనం గురించి మాట్లాడుతుంటే మీరు రేట్లు చెప్తారేంటి?

మంజీర:
నేను బిష్కెక్‌లో చదివి, నాలుగేళ్లు అక్కడే దుబాసీగా పనిచేశాను. కృష్ణాతీరం గారూ, ఒకటే ప్రశ్న. అతను మీ కంపెనీలో ఊచ్రిదీతెలా, డైరెక్టరా?

కృష్ణాతీరం:
ఊచ్రిదీతెల్ నేనే, నూటికి నూరు. అతను డైరెక్టరు. పేరుకే.

మంజీర:
పేరుకు కాదండీ. గొడవంతా అక్కడే ఉంది. ఊచ్రిదీతెల్ అంటే కంపెనీ స్థాపించిన మనిషి, వాటా ఆయనది. కంపెనీ తరఫున సంతకం పెట్టేది మాత్రం డైరెక్టరే. దవేరెన్నస్త్, అంటే మనం పవర్ ఆఫ్ అటార్నీ అనేది, అతనికి అక్కర్లేదు. బ్యాంకులో సంతకం అతనిది, గుండ్రటి ముద్ర అతని దగ్గర. సోవియట్ నుంచి విడిపోయిన చాలా దేశాల్లో పద్ధతి ఇదే. మీరు వాటా మొత్తం మీ దగ్గరే ఉంచుకుని, కలం ఆయనకిచ్చారు. విదేశీయుడు అక్కడ కంపెనీ మొత్తం తన పేరు మీదే పెట్టుకోవచ్చు, డైరెక్టరుగానూ ఉండొచ్చు. నోటరీ దగ్గర చదివి వినిపించేటప్పుడు పక్కన మీ దుబాసీ ఉన్నాడా?

కృష్ణాతీరం:
దుబాసీ కూడా అతనే తెచ్చిన మనిషి. అయితే ఏంటమ్మా, తప్పు నాదంటావా?

కొత్తవాడు:
అక్కా, అంటే డైరెక్టరుగా నేనే ఉంటే చాలా?

మంజీర:
పని అనుమతి సంగతి ముందు తేల్చుకో తమ్ముడూ. ఉస్తావ్‌లో, అంటే కంపెనీ నియమావళిలో, ఇంత మొత్తం దాటితే స్థాపకుడి రాతపూర్వక ఒప్పుదల ఉండాలని రాయించు. ముద్ర ఎవరికీ ఇవ్వకు.

నల్గొండ నాన్న:
మీరు కలం, ముద్ర అంటున్నరు. మా పిలగాడు అక్కడ మనోళ్ల మెస్సులనే తిన్నడు. ఏడాది పైసలు ముందుగాలనే డాలర్లల్ల తీస్కున్నరు. ఆరు నెలలకు తాళమేసిన్రు. నేను ఏ కాగితం పట్కొని ఏడికి పోవాలె? 2024 మే 17 రాత్రి విదేశీ పిల్లలున్న హాస్టళ్ల మీద గుంపు పడ్డప్పుడు మెస్సాయన ఫోను ఎత్తలే. లైట్లు ఆర్పి మంచం కింద పండుకున్నడు నా కొడుకు. కింది అంతస్తు కిర్గిజ్ ముసలామె ముగ్గురు పిల్లలను తన ఇంట్ల పెట్టుకొని తెల్లారేదాంక కాపాడింది. మీరు ఆళ్లను దొంగలంటున్నరు.

కృష్ణాతీరం:
నన్నా అనేది? మే 18 పొద్దున్నుంచీ నూట నలభై పొట్లాలు కట్టి ఫ్లాట్లకు పంపాను. నా భార్య ఏడుస్తూ ఇంటికి వచ్చేయమంది, రాలేదు. ముందే డబ్బు తీసుకోక అద్దె దేంతో కట్టాలి? నేను వెళ్లింది మన పిల్లలకు అన్నం పెట్టడానికి. ఆ ఊరితో నాకు పనేంటి?

మంజీర:
ఇప్పుడు అసలు మాట వచ్చింది. ఆ ఊరితో పనిలేదనుకున్నారు కాబట్టే ఊరి పని మొత్తం ఒక్క మనిషి చేతుల్లో పెట్టారు. ఆరేళ్లలో ఒక్క కిర్గిజ్ కుటుంబం మీ మెస్సులో కూర్చుని తిన్నదా? 1870ల చివర్లో చైనా నుంచి కొండలు దాటి వచ్చిన డుంగన్ల ఆష్లాన్‌ఫూ ఈరోజు కరకోల్ ఊరి గర్వం. పుల్లటి కారపు రసంలో చల్లటి సేమియాల్లాంటి తీగలు, మన నాలుకకు ఇట్టే పట్టేస్తుంది. వాళ్లు అందరికీ పెట్టారు. మీరు తలుపు మీద కిర్గిజ్‌లోనో రష్యన్‌లోనో బోర్డు కూడా రాయలేదు కదా?

తాష్కెంట్ బాటసారి:
బోర్డు మాటెలా ఉన్నా బిష్కెక్‌లో అద్దె డాలర్లలోనా, కిర్గిజ్ సోమ్‌లలోనా? ఎవరూ చెప్పట్లేదు.

కృష్ణాతీరం:
డుంగన్లు వెనక్కి పోయే దారిలేక వచ్చినవాళ్లమ్మా. నాకు ఊరుంది, అమ్మ ఉంది. అయిదేళ్లకు తిరిగొచ్చేద్దామని వెళ్లినవాణ్ణి, నలభై అయిదేళ్ల వయసులో కొత్త భాషకు ఓనమాలు దిద్దమంటావా?

నల్గొండ నాన్న:
అయిదేండ్లకు వాపస్ వద్దామనుకున్న మీకు ఆరేండ్లు చదివే పిల్లలను ఎట్ల అప్పజెప్పినమో మేము.

కొత్తవాడు:
నేను ఈ నెల టికెట్ వాయిదా వేసుకుంటున్నా. హైదరాబాద్‌లో రష్యన్ ఎక్కడ నేర్పుతారో తెలిస్తే చెప్పండి.

కృష్ణాతీరం:
నల్గొండ అన్నగారూ, మీకు జవాబు రెండుసార్లు రాసి చెరిపేశాను. అడ్వాన్సు తిరిగివ్వాల్సిన పిల్లలు నా పుస్తకంలో ఇంకా పదకొండు మంది ఉన్నారు. మీ అబ్బాయి తిన్నది నా దగ్గరేనో కాదో నాకు తెలియదు. ఇక్కడ రాయకండి, విడిగా మెసేజ్ పెట్టండి.