పులసలాంటిదే, కానీ పులుసుకి కాదు: సియాటిల్ చుట్టుపక్కల ట్రౌట్, స్టీల్‌హెడ్ కోసం ఏ నెలలో ఏ నీళ్ళు

బోథెల్ నుంచి, కొత్తగా వచ్చినవాడు:

అందరికీ నమస్కారం. జూన్ చివర్లో ఇక్కడికి వచ్చాను. మాది రావులపాలెం దగ్గర పల్లెటూరు. చిన్నప్పుడు కాలవ గట్టున వెదురు కర్ర, బెండు, వానపాములతో గాలం వేసి పెరిగినవాణ్ణే. మా టీంలో ఒకాయన తను పట్టిన స్టీల్‌హెడ్ ఫొటో చూపించినప్పటి నుంచి మనసంతా అక్కడే ఉంది. ఫ్లైతో, అంటే పురుగులా కట్టిన దొంగ ఎరతో, పట్టడానికి తొమ్మిదడుగుల 5 వెయిట్ రాడ్ సెట్టు కొనేశాను (వెయిట్ అంకె పెరిగేకొద్దీ రాడ్డు బలం ఎక్కువట), లైసెన్సు తీశాను. పోయిన శనివారం ఫాల్ సిటీ దగ్గర స్నోక్వాల్మీ నదిలో మూడు గంటలు నిలబడితే రెండు చెట్టు కొమ్మలు, నా టోపీ తగిలాయి. ఏ నెలలో ఏ నదికి వెళ్ళాలి? చెరువుల సంగతేంటి? స్టీల్‌హెడ్ ఎప్పుడొస్తుంది? పట్టింది ఇంటికి తెచ్చుకోవచ్చా? మా ఆవిడ చింతపండు నానబెట్టమంటారా అని అడుగుతోంది.

కెంట్ నుంచి, కోనసీమ వాడు:

తమ్ముడూ, చింతపండు డబ్బాలోనే ఉండనీ.

నువ్వు గోదారి గట్టు మనిషివి కాబట్టి నీకు ఒక్క ముక్కలో అర్థమవుతుంది. సముద్రంలో ఉన్నన్నాళ్ళూ ఇలస, గోదాట్లోకి ఎదురీదాక పులస. స్టీల్‌హెడ్ కూడా అంతే. అది వేరే చేప కాదు, రెయిన్‌బో ట్రౌటే. నదిలోనే ఉండిపోతే రెయిన్‌బో, పసిఫిక్‌కి వెళ్ళి బలిసి పుట్టిన నదికి తిరిగొస్తే స్టీల్‌హెడ్. పైగా సాల్మన్‌లాగా గుడ్లు పెట్టగానే చచ్చిపోవాలని లేదు, కొన్ని మళ్ళీ సముద్రానికి పోయి ఇంకోసారి వస్తాయి. 1969 నుంచి ఈ రాష్ట్రానికి అధికారిక చేప ఇదే.

పోలిక అక్కడితో సరి. పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు మనవాళ్ళు. ఇక్కడ అడవి స్టీల్‌హెడ్‌ని, అంటే నదిలోనే సహజంగా పుట్టినదాన్ని, తినడం మాట అటుంచి, నీళ్ళలోంచి పూర్తిగా పైకి ఎత్తడమే నేరం. మన సియాటిల్ పక్కనున్న సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్‌లో కలిసే నదుల స్టీల్‌హెడ్‌ని 2007లో ముప్పులో ఉన్న చేపల జాబితాలో చేర్చారు. ఫొటో కావాలంటే నువ్వు నీళ్ళలోకి వంగాలి, చేపని గాల్లోకి లేపకూడదు.

ఉంచుకోదగ్గది హేచరీలో, అంటే చేపపిల్లల్ని పెంచే కేంద్రంలో, పుట్టిన చేప ఒక్కటే, అదీ ఆ నదిలో ఆ సమయానికి అనుమతి ఉంటేనే. ఎలా గుర్తుపట్టాలంటావా? వీపు మీద పెద్ద రెక్క దాటి తోక వైపు వస్తే చిటికెన వేలి గోరంత కండ రెక్క ఒకటి ఉంటుంది. హేచరీలో పిల్లగా ఉన్నప్పుడే దాన్ని కత్తిరించి వదులుతారు. అక్కడ నున్నగా, మానిన మచ్చలా ఉంటే హేచరీ చేప. ఆ బుల్లి రెక్క ఊగుతూ కనిపిస్తే అడవి చేప, నీళ్ళలోనే గాలం తీసి వదిలెయ్. హేచరీది ఉంచుకుంటే అప్పటికప్పుడే క్యాచ్ రికార్డ్ కార్డులో రాయాలి, ఇంటికెళ్ళి రాస్తానంటే కుదరదు.

ఇక నీళ్ళ సంగతి. నేను చెప్పదలచుకున్నది అసలు ఇదే. నువ్వు నెలలు అడిగావు, నేను క్యూసెక్కులు చూడమంటాను. ధవళేశ్వరం దగ్గర పది లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక అని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నావు కదా, అదే లెక్క. ఇక్కడ స్కైకోమిష్ నదికి గోల్డ్ బార్ దగ్గర, స్నోక్వాల్మీకి కార్నేషన్ దగ్గర యూఎస్‌జీఎస్ అనే కేంద్ర ప్రభుత్వ సర్వే సంస్థ వాళ్ళ కొలత కేంద్రాలున్నాయి. నీళ్ళు ఎక్కుతున్నాయా, తీస్తున్నాయా అన్నది ఫోన్లో గీతలా కనిపిస్తుంది. గోదారి ముందు స్కైకోమిష్ (మేం స్కై అంటాం) పిల్ల కాలవే, కానీ 3,000 దగ్గర మోకాలి లోతులో హాయిగా నిలబడ్డ చోటే 8,000 దగ్గర నిన్ను ఎత్తుకుపోతుంది.

మన దగ్గర ఎర్రనీళ్ళు వస్తే పులస వచ్చినట్టే. ఇక్కడా చేప వరదతోనే పైకి కదులుతుంది, కానీ నీకు చిక్కేది వరద తీశాక. నవంబరు నుంచి మార్చి దాకా సముద్రం మీంచి వెచ్చటి వానలు వచ్చి ఒక్క రాత్రిలో నదిని కాఫీ చేసేస్తాయి. రెండు మూడు రోజులాగితే గీత కిందికి దిగుతుంది, నీళ్ళు పచ్చబడతాయి. నీ బూటు కొస రెండు మూడడుగుల లోతులో మసకగా కనిపించే రోజు, అదీ వెళ్ళాల్సిన రోజు. గాజులా తేటపడిపోతే మళ్ళీ చేప బెదురుతుంది.

నేను ఇది కష్టపడే నేర్చుకున్నాను. మొదటి ఏడు డిసెంబర్లో తెల్లవారుజామున నాలుగింటికి లేచి, గీత చూడకుండా స్కై ఒడ్డున ఉన్న సుల్తాన్ ఊరి దాకా వెళ్ళాను. చీకట్లో వేడర్స్, అంటే నీళ్ళు దిగని పొడవాటి తొడుగు, తొడుక్కుని కూర్చుని, వెలుతురు వచ్చాక చూస్తే నది మధ్యలో ఫిర్ చెట్టు ఒకటి వేళ్ళతో సహా పోతోంది. థర్మాస్‌లో టీ తాగి వెనక్కి వచ్చాను. మా ఆవిడ ఇప్పటికీ ఎవరైనా ఇంటికొస్తే ఆ కథ చెబుతుంది.

శీతాకాలం హేచరీ స్టీల్‌హెడ్ డిసెంబరు, జనవరిల్లో వస్తుంది. స్నోక్వాల్మీ మీద టోకుల్ క్రీక్ దగ్గర, స్కై మీద రైటర్ పాండ్స్ దగ్గర హేచరీలు ఉన్నాయి కాబట్టి జనం అక్కడే భుజం భుజం రాసుకుంటూ నిలబడతారు. ఆ తర్వాత అడవి చేపలు వచ్చే వేళకి చాలా నదులు మూసేస్తారు. రైటర్ దగ్గర వేసవి చేప కూడా ఉంటుంది, మే చివర నుంచి. ఈ తేదీల్ని నా మాట మీద నమ్మకు. రాష్ట్ర ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ళు సీజను మధ్యలో కూడా ఎమర్జెన్సీ రూల్ పెట్టి మూసేస్తారు. బయల్దేరే ముందు రోజు రాత్రి వాళ్ళ వెబ్‌సైటు చూసుకో.

ఒక సంగతి మర్చిపోయాను. స్నోక్వాల్మీ జలపాతం 268 అడుగులు. దాన్ని ఏ స్టీల్‌హెడ్డూ ఎక్కలేదు. జలపాతం పైన మూడు పాయల్లో ఉండేది అక్కడే పుట్టి పెరిగిన చిన్న ట్రౌట్ మాత్రమే. నీ 5 వెయిట్ రాడ్డుకి అదే సరైన చోటు, జులై నుంచి సెప్టెంబరు దాకా. మే, జూన్‌లలో కొండల మీది మంచు కరిగి నీళ్ళు పోటెత్తుతాయి, అప్పుడు పోకు. స్టీల్‌హెడ్‌కి 8 వెయిట్ కావాలి. ఇప్పుడే కొనకు. ఏడాది ట్రౌట్ పట్టాక కొను.

సమామిష్ నుంచి, ఇద్దరు పిల్లల తల్లి:

బాబూ, అన్నయ్యగారు నది మనిషి, చెరువుల్ని లెక్కచెయ్యరు. నేను చెరువుల మనిషిని.

నువ్వు వదిలేసొచ్చిన బెండు ఉంది చూడు, దాన్నే ఇక్కడ ఇండికేటర్ అని పేరు మార్చి అమ్ముతారు. దాని కింద పది పన్నెండు అడుగుల దారం, చివర బియ్యపు గింజంత ఫ్లై. చెరువు అడుగున దోమలాంటి పురుగు పిల్లలు ఉంటాయి, కైరోనమిడ్ అంటారు. వసంతంలో అవి పైకి తేలుతుంటే ట్రౌట్ నోరు తెరుచుకుని వాటి దారిలో తిరుగుతుంది. చెయ్యాల్సిందల్లా కదలకుండా కూర్చోవడం. మా ఎనిమిదేళ్ళ పిల్లకి అదొక్కటే చేతకాదు.

ఏప్రిల్ నాలుగో శనివారం ఇక్కడ చెరువుల పండగ. సీజన్ చెరువులు ఆ రోజు తెరుస్తారు, ముందే హేచరీ రెయిన్‌బోలు వదిలి ఉంచుతారు. సీజన్‌తో పని లేకుండా గ్రీన్ లేక్, మా బీవర్ లేక్ లాంటివి ఉన్నాయి. మామూలు చెరువుల్లో రోజుకి ఐదు ట్రౌట్లు ఉంచుకోవచ్చు. చింతపండు ఇక్కడ నానబెట్టుకోమను. కాకపోతే ఈ చేప మెత్తన, పులుసులో విడిపోతుంది. పసుపు, కారం, నిమ్మకాయ రాసి పెనం మీద వేపుకోండి.

ఒక మెలిక ఉంది. ఎరతో పడితే, వదిలేసిన చేప కూడా ఆ ఐదులోకే లెక్క. ఫ్లైతో అయితే ఆ గొడవ లేదు.

జులై, ఆగస్టుల్లో పై నీళ్ళు 68 ఫారెన్‌హీట్ దాటితే ట్రౌట్ లోతుకి పోతుంది, పట్టి వదిలినా బతకదు. అప్పుడు నేను గాలం ముట్టను. ఇప్పుడు అక్టోబరు కదా, నీళ్ళు చల్లబడి చేప మళ్ళీ ఒడ్డు వైపు వచ్చేసింది. నార్త్ బెండ్ దగ్గర రాటిల్‌స్నేక్ లేక్‌కి వెళ్ళు. నీళ్ళు తగ్గి పాత చెట్ల మొదళ్ళు బయటపడి ఉంటాయి, వాటి పక్కనే వెయ్యి. అక్కడ మోంక్టన్ అనే ఊరుండేది, పైన డ్యాం నుంచి నీళ్ళు ఊటగా దిగి 1915లో ఊరు మునిగిపోయింది. మన పోలవరం ఊళ్ళు గుర్తొస్తాయి నాకు. అక్కడ ఎర వాడకూడదు, కొండ ఎక్కేవాళ్ళతో పార్కింగ్ నిండిపోతుంది, ఏడింటికల్లా ఉండాలి.

ఇంకోటి. పడితే వేడర్స్‌లోకి నీళ్ళు చేరకుండా నడుముకి బిగించే వేడింగ్ బెల్టు లేకుండా నదిలో దిగకు. మన పిల్లలు జలపాతాల దగ్గర, చెరువుల్లో పోయారన్న వార్త ప్రతి ఏడూ చదువుతున్నాం. ఈ నీళ్ళు గోదారి నీళ్ళలా వెచ్చగా ఉండవు, ఈత వచ్చినవాడికి కూడా ఊపిరి ఆగినంత పనవుతుంది.

ఇసాక్వా నుంచి, కరీంనగర్ అన్న:

తమ్మీ, వాళ్ళిద్దరు చెప్పింది మంచిగనే ఉంది గని అసలు ట్రౌట్ నది పేరు ఒక్కరు తియ్యలె. యాకిమా. ఐ-90 పట్టుకొని కొండ దాటితే వాన ఆగిపోతది, క్లీ ఎలమ్, ఎలెన్స్‌బర్గ్ దాటినంక 821 రోడ్డు మీద లోయ మొదలైతది. ఆడ ట్రౌట్ పట్టుడు, ఇడుసుడే. ఇంటికి తెచ్చుడు లేదు. కొన కాడి ఎనక ముల్లు నొక్కేసిన ఒంటి గాలం, ఎర బంద్.

ఈ నది గురించి ఎవ్వరు సమజ్ చేయంది చెప్త. మా ఊళ్ళె ఎస్సారెస్పీ కాలువకు నీళ్ళిడిస్తె ఏమైతదో నీకు తెల్సు గద, యాకిమాల అదే కథ. పైన కీచలస్, కచీస్, క్లీ ఎలమ్ అని మూడు రిజర్వాయర్లున్నయి. కింద ఆపిల్, చెర్రీ, హాప్స్ తోటలు. అందుకని అన్ని నదులు ఎండకాలంల తగ్గితే ఇది నిండుగ పారుతది, లోయల 3,500 క్యూసెక్కుల దాకా. ఒడ్డు మీది గడ్డి నీళ్ళల్ల ఉంటది, దిగి నడిచే జాగ ఉండది. పడవ ఉన్నోళ్ళదే రాజ్యం, ఒడ్డు పొంటి మిడతల ఫ్లై ఏసుకుంట పోతరు.

సెప్టెంబర్ల ఒక్కసారి తిప్పేస్తరు. ఇటు నీళ్ళు తగ్గిస్తరు, అటు యాకిమాల కలిసే నాచీస్ నది దిక్కు రిమ్‌రాక్ అనే రిజర్వాయర్ నుంచి ఇడుస్తరు. ఫ్లిప్-ఫ్లాప్ అంటరు. ఎందుకంటే పైన చినూక్ సాల్మన్ గుడ్లు పెట్టే టైము అది. నిండు నీళ్ళల్ల ఒడ్డుకు పెట్టిందనుకో, సలికాలం రిజర్వాయర్లు నింపెటప్పుడు నది తగ్గి ఆ గుడ్లు ఎండిపోతయి. ముందే తగ్గిస్తే అది నడుమ పెడ్తది. నాకైతె ఈ ఉపాయం చేప పట్టుడు కంటె బాగనిపిస్తది.

గిప్పుడు నీకు అదే లాభం. అక్టోబర్ల మోకాలి లోతు, తేట నీళ్ళు, గుర్రుగ సూసే పడవలోళ్ళు లేరు. దిగంగనే గాలం ఎయ్యకు. ముందు ఒక పెద్ద రాయి తిప్పి సూడు. కింద ఇసుక రవ్వలు అతికించుకొని ఏలు కొసంత గూళ్ళు కనవడ్తయి, అండ్ల పురుగు ఉంటది. అది క్యాడిస్. నారింజ రంగు లావుది కనవడితే అక్టోబర్ క్యాడిస్. రాయిని ఎట్లున్నదో అట్లనే పెట్టు. నీ డబ్బాల దానికి దగ్గరగ ఏమున్నదో అది కట్టు. మబ్బు పట్టిన మధ్యాహ్నం బ్లూ వింగ్డ్ ఆలివ్ అనే సన్నది లేస్తది. మార్చిల స్క్వాలా అనే స్టోన్‌ఫ్లై, ఏప్రిల్ ఆఖరుకు మదర్స్ డే క్యాడిస్ మబ్బులెక్క లేస్తది. గప్పుడు ఎవ్వరు పిలిచినా పెండ్లికి పోకు.

నదిల తోమిన పళ్ళెంలెక్క తెల్లగ మెరిసే గులకరాళ్ళ జాగ కనవడితే తొక్కకు. అది సాల్మన్ గూడు. ఫాల్ సిటీల నువ్వు తొక్కినవో లేదో దేవునికెరుక.

కెంట్ నుంచి, కోనసీమ వాడు:

పెద్దాయన యాకిమా మొదలెడితే నేను ఆగాల్సిందే. ఒక్కటి కలుపుతాను. నదుల్లో స్థానిక తెగలవాళ్ళ వలలు కనిపిస్తే, మనకి గాలం కూడా వద్దంటూ వాళ్ళకి వల ఎందుకిచ్చారని ఎవరైనా సణుగుతారు, నువ్వు తల ఊపకు. ఆ నేల ఇచ్చేసినప్పుడు చేపల హక్కు మాదేనని ఒప్పందాల్లో రాయించుకున్నారు వాళ్ళు. 1974లో జడ్జి బోల్ట్ తీర్పు చెప్పాక, పట్టదగిన చేపలో సగం వాటా వాళ్ళది, నదుల నిర్వహణలో కూడా సమాన భాగస్వాములు.

బోథెల్ నుంచి, కొత్తగా వచ్చినవాడు:

అన్నలకీ అక్కకీ దండాలు. తోమిన పళ్ళెం అంటే గుర్తొచ్చింది, ఫాల్ సిటీలో అలాంటి చోటే నిలబడ్డాను, నున్నగా ఉందని. ఇక తొక్కను. గోల్డ్ బార్ గీత ఫోన్లో పెట్టుకున్నాను, ఇప్పుడు దిగుతోంది. లైసెన్సుతో పాటు ఒక కాగితం ఇచ్చారు, కారు అద్దానికి తగిలించమని. అది అన్ని చోట్లా పనిచేస్తుందా?

సమామిష్ నుంచి, ఇద్దరు పిల్లల తల్లి:

అది ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ళ స్థలాల్లో మాత్రమే. స్టేట్ పార్కుల్లో డిస్కవర్ పాస్ వేరే కొనాలి. రాటిల్‌స్నేక్ దగ్గర ఏదీ అక్కర్లేదు. అన్నట్టు నీ లైసెన్సు మార్చి 31తో అయిపోతుంది, ఎప్పుడు కొన్నా అంతే.

ఇసాక్వా నుంచి, కరీంనగర్ అన్న:

ఆదివారం నేను పోతున్న యాకిమాకు. పొద్దుగాల ఆరుకు ఇసాక్వా పార్క్ అండ్ రైడ్ కాడ ఉండు. పులిహోర మీ ఇంటి నుంచి, చాయ్ నాది. నా కాడ పాత బూట్లు, వేడర్స్ ఇంకో జత ఉన్నయి. నీ కాలు సైజెంత?

బోథెల్ నుంచి, కొత్తగా వచ్చినవాడు:

తొమ్మిది అన్నా. లావు సాక్సులు వేస్తే పది.