మే నెల ఎండలో గుడారం చల్లబడాలంటే ఐస్ పెట్టెనా, తడి గోనెనా, చలువ పందిరా?

పాకాల తోట:
దామలచెరువు దగ్గర మాకున్న మామిడి తోటలో మే మూడో వారంలో పిల్లాపాపలతో రెండు రోజులు గుడారాలు వేసుకుని ఉండాలని మా అన్నదమ్ములం నిర్ణయించుకున్నాం. నలుగురు పడుకోగల గుమ్మటం ఆకారపు పాలిస్టర్ గుడారాలు రెండున్నాయి. బోరు నీళ్లకు కొదవ లేదు గాని, మోటారు కొట్టం దాటితే కరెంటు లేదు. థర్మాకోల్ పెట్టెలో ఐస్ నింపి చిన్న ఫ్యాను బిగిస్తే కూలరు సిద్ధమవుతుందని మా బావ అంటున్నారు. గుడారం మీద తడి గోనె పట్టాలు పరిస్తే చాలని, పూర్వం తోట కాపలాకు పడుకున్నవాళ్లు అలాగే చేసేవారని మా నాన్నగారి మాట. ఇద్దరిలో ఎవరి పద్ధతి పనిచేస్తుందో, ఎందుకు పనిచేస్తుందో కారణాలతో చెప్పగలరని కోరుతున్నాను.

తిరుపతి మిద్దె:
మీ బావగారి మాటనే నేను బలపరుస్తాను. మందమైన థర్మాకోల్ పెట్టె మూతకు రెండు రంధ్రాలు చేసి, ఒకదాని మీద యూఎస్‌బీ ఫ్యానును గాలి లోపలికి వెళ్లేలా బోర్లించి, రెండోదానికి పీవీసీ పైపు వంపు ముక్క బిగిస్తే సరిపోతుంది. విడి ఐస్ ముక్కలకు బదులు నీళ్లు గడ్డకట్టించిన సీసాలు నిలబెడితే పెట్టె తడవదు, కరిగిన నీళ్లు తాగడానికీ పనికొస్తాయి. పైపు మూతి దగ్గర చేయి పెడితే వచ్చే గాలి చల్లదనం తెలుస్తుంది. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు ఉంటే 5 వాట్ల ఫ్యాను రాత్రంతా తిరుగుతుంది. తడి గోనెలు మోసే శ్రమ ఎందుకు?

చంద్రగిరి మాస్టారు:
పైపు మూతి దగ్గర చల్లగా ఉండటం వేరు, గుడారం చల్లబడటం వేరు. నేను ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను, కాబట్టి లెక్క కట్టి చూపించడం నా బాధ్యత అనుకుంటున్నాను. ఒక కిలో ఐస్ కరగడానికి 334 కిలోజౌళ్ల వేడి కావాలి. ఆ నీరు 30 డిగ్రీలకు చేరేలోపు మరో 126 తీసుకుంటుంది. అయిదు కిలోల ఐస్ తీసుకెళ్లారనుకుంటే మొత్తం 2,300 కిలోజౌళ్లు. కదలకుండా పడుకున్న పెద్ద మనిషి ఒంటి నుంచి సుమారు 100 వాట్ల వేడి, అంటే సెకనుకు 100 జౌళ్లు, బయటికి వస్తుంది, అంటే నలుగురున్న గుడారంలో మనుషుల వేడికే ఆ ఐస్ గంటన్నరలో సరి. ఇది రాత్రి సంగతి. మధ్యాహ్నం నడినెత్తి ఎండ చదరపు మీటరుకు సుమారు 1,000 వాట్లు కురిపిస్తుంది. నాలుగు చదరపు మీటర్ల కప్పు మీద పడిన దానిలో నాలుగో వంతు లోపలికి దిగినా, అయిదు కిలోల ఐస్ ముప్పావు గంట కూడా నిలవదు.

ఇప్పుడు మీ నాన్నగారి పద్ధతిని చూడండి. ఒక లీటరు నీరు ఆవిరైపోతూ దాదాపు 2,400 కిలోజౌళ్ల వేడిని పట్టుకుపోతుంది. అయిదు కిలోల ఐస్ చేసే పనిని, ఫ్రిజ్ అవసరం లేకుండా, ఒక్క లీటరు బోరు నీరు చేస్తున్నదన్న మాట. పెద్దలు ఊరికే చెప్పలేదు.

తిరుపతి మిద్దె:
మాస్టారూ, మీ లెక్కను కాదనను. కానీ గుడారం మొత్తాన్ని చల్లబరచాలని నేను అనలేదు. పడుకున్న పిల్లల ముఖానికి, మెడకు మూరెడు దూరంలో చల్లని గాలి తగిలితే వాళ్లు నిద్రపోతారు, తొలి గంట నిద్ర పట్టించడమే అసలు కష్టం. అంత మేరకు ఐస్ పెట్టె పనికొస్తుందన్న నా మాట మీదే ఉన్నాను.

పలమనేరు గాలి:
తడి గోనె మా వైపు బాగా పనిచేస్తుంది. అయితే దాన్ని గుడారం మీద పరవడమే పొరపాటు. పాలిస్టర్ బట్టకు నీరు చొరకుండా పూత ఉంటుంది, దాని మీద గోనె అంటుకుపోతే గాలి ఆడదు, బరువుకు కమ్మీలు వంగుతాయి. గాలి ఏ వైపు నుంచి వీస్తుందో చూసి, ఆ వైపు కిటికీ ముందు జానెడు ఎడంగా తాడు కట్టి, పాత నూలు పంచె గాని గోనె గాని తెరలా వేలాడదీయాలి. పై అంచును తాడు మీద నుంచి మడిచి, ఎత్తున కట్టిన నీళ్ల డబ్బాలో ముంచితే నీరు తనంతట తానే కిందికి పాకుతుంది. ఎదురు వైపు తలుపు తెరిచే ఉంచాలి. వట్టివేళ్ల చాప దొరికితే ఇంకా మంచిది, దాని సందుల్లో గాలి పోతుంది, తడి కూడా ఎక్కువసేపు నిలుస్తుంది.

సత్యవేడు వాసి:
పలమనేరు వారికి కుదిరింది మాకు కుదరదు, ఆ సంగతి చెప్పకుండా తడి గోనెను అందరికీ సిఫారసు చేయడం సరికాదు. పలమనేరు దాదాపు 680 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడి గాలి పొడిగా ఉంటుంది. మాకు సముద్రం దగ్గర. సాయంత్రానికి తూర్పుగాలి తేమ మోసుకొస్తుంది. తడి తెర కట్టిన గుడారంలో రాత్రి తొమ్మిదింటికి పడుకుంటే దిండు గలీబు కూడా చెమ్మగిల్లుతుంది, ఒంటి మీద చెమట ఆరదు, ఉక్కపోతకు లేచి బయటికి రావలసిందే.

చంద్రగిరి మాస్టారు:
సత్యవేడు వారి మాట నిజం, దానికి అంకెలు జోడిస్తాను. గాలి 40 డిగ్రీల వేడితో, 20 శాతం తేమతో ఉంటే ఆవిరి వల్ల అది చల్లబడగల హద్దు సుమారు 23 డిగ్రీలు. అదే గాలి 30 డిగ్రీలతో, 80 శాతం తేమతో ఉంటే హద్దు 27 డిగ్రీలు. ఇంట్లో చేసిన ఏ ఏర్పాటూ ఆ హద్దుదాకా చేరదు కాబట్టి రెండో సందర్భంలో మిగిలే లాభం చాలా స్వల్పం, పైగా చెమట ఆరకపోవడం వల్ల నష్టం. పాకాల ఈ రెండింటికీ నడుమ ఉంది. పగలు వడగాలి వీచే గంటల్లో తడి తెర కట్టండి, చీకటి పడేసరికి విప్పేయండి.

నేరబైలు నడక:
ఇంతసేపూ లోపలికి వచ్చిన వేడిని ఎలా తరమాలన్న చర్చే జరిగింది. రానివ్వకుండా చూడటం గురించి ఎవరూ మాట్లాడకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. తలకోన వైపు నడకకు వచ్చే వాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. గుడారానికి పైన విడిగా మరో నీడ ఉండాలి, రెండింటికీ మధ్య మూరెడు ఖాళీ ఉండాలి. మన ఊళ్లలో పెళ్లికీ, శ్రీరామనవమికీ వేసే చలువ పందిరి చేసే పని అదే. కొబ్బరి మట్టలో తాటాకులో ఎండను తాము భరిస్తాయి, వాటి కింద గాలి ఆడుతుంది, ఆ వేడి కింద కూర్చున్న వాళ్లదాకా దిగదు.

తోటలో నాలుగు వెదురు గడలు పాతి, నర్సరీల వాళ్లు వాడే, ఎండలో 75 శాతాన్ని ఆపే షేడ్‌నెట్ (నీడనిచ్చే వల) కట్టండి. నీలి రంగు టార్పాలిన్ పట్ట ఒక్కటే కడితే అది తానే కాగి, ఆ వేడిని కిందికి ప్రసరిస్తుంది. అదే కట్టవలసివస్తే దాని కింద వెండి రంగు రేకు కాగితం లాంటి అత్యవసర దుప్పటిని క్లిప్పులతో పట్టించండి, మెరిసే ఉపరితలం వేడిని తక్కువగా వెదజల్లుతుంది. ఆ దుప్పటిని గుడారానికి తగిలేలా కప్పితే మాత్రం లాభం చాలావరకు పోతుంది. మధ్యాహ్నం రెండు గంటలకు గుడారం లోపలి నుంచి కప్పును అరచేత్తో తాకి చూడండి. పందిరి నీడ పడిన చోట చేయి ఆనించి ఉంచగలరు, నీడ తప్పిన అంచు దగ్గర వెంటనే తీసేస్తారు.

ఇంకొక విషయం ఉంది. విదేశీ వీడియోలు చూసి దక్షిణం వైపు తెర కడుతున్న వాళ్లు కనిపిస్తున్నారు. తిరుపతి అక్షాంశం 13.6 డిగ్రీలు. ఏప్రిల్ చివరి వారంలోనే సూర్యుడు మన నడినెత్తిని దాటి ఉత్తరానికి జరుగుతాడు. మే మూడో వారంలో మధ్యాహ్నపు నీడ కాస్త దక్షిణానికే పడుతుంది. కాబట్టి పై కప్పు నిటారుగా నెత్తి మీదే ఉండాలి, మూడు గంటల తర్వాత ఎండ పడమటికి కాస్త ఉత్తరంగా ఏటవాలుగా దూరుతుంది కనుక ఆ వైపు ఒక తడక నిలబెట్టాలి.

పులిచెర్ల రైతు:
మామిడి చెట్టు కిందే వేసుకుంటే ఈ పందిరి, నెట్టు అవసరమేముంది? ముదురు తోటాపురి చెట్టు ఇచ్చే నీడ ఏ బట్టా ఇవ్వదు. ఆకులు నీటిని వదులుతూ ఉంటాయి కనుక కాగవు. మా కాపలావాళ్లు పగలంతా చెట్టు కిందే ఉంటారు.

నేరబైలు నడక:
పగలు చెట్టు నీడకు సాటి లేదు, ఒప్పుకుంటాను. రాత్రికి మాత్రం ఒప్పుకోను. తేటగా, పొడిగా ఉన్న ఆకాశం కింద గుడారం బట్ట తన వేడిని పైకి వదిలి గాలికన్నా చల్లబడగలదు. దట్టమైన కొమ్మలు ఆ దారిని మూసేస్తాయి, నేల వేడి కిందే తిరుగుతుంది. అందుకే పందిరి మీది నెట్టును కూడా పొద్దు గుంకగానే ఒక పక్కకు చుట్టేయమంటాను. అంతకన్నా ముఖ్యమైనది, మే నెల సాయంత్రాల్లో మామిడి జల్లులు ఉరుములతో, ఈదురుగాలితో వస్తాయి. పిడుగు పడే వేళ చెట్టు కింద గుడారంలో పిల్లలను ఉంచడం ఏ విధంగానూ మంచిది కాదు, గుడారం బయట వేసినా అప్పుడు అది రక్షణ ఇవ్వదు. ఉరుము వినిపిస్తే అందరూ ఇంట్లోకో కారులోకో చేరాలి.

పులిచెర్ల రైతు:
పిడుగు సంగతి సరైనదే. కాయలున్న కొమ్మ విరిగి పడే ప్రమాదం కూడా ఉంది. పగలు చెట్టు కింద, రాత్రి చెట్ల వరుసల మధ్య ఖాళీలో అంటే నేనూ ఒప్పుకుంటాను. అయితే ఆ ఖాళీలోని ఎర్రనేల పగలంతా కాగి ఉంటుంది. సాయంత్రం అయిదింటికి కళ్లాపి చల్లినట్టు తడిపి, పడుకునే వేళకు పైపొర ఆరనివ్వండి. బండల మీద గుడారం వేయకండి, ఆ రాయి అర్ధరాత్రిదాకా వేడి వదులుతుంది. గాలి నింపే పరుపు కన్నా నులక మంచం మేలు, కింద నుంచి కూడా గాలి తగులుతుంది. గుడారంలో పట్టకపోతే దోమతెర కట్టి మంచాలు బయటే వేసుకోండి.

రేణిగుంట అక్క:
నేను నర్సుగా పనిచేస్తున్నాను. మధ్యాహ్నం పిల్లలను గుడారంలో నిద్రపుచ్చవద్దని గట్టిగా చెబుతున్నాను, ఎన్ని ఏర్పాట్లు చేసినా సరే. 40 డిగ్రీలు దాటిన గాలిని ఫ్యానుతో విసిరితే ఒంటికి వేడే తగులుతుంది. చల్లగా ఉండాలని గుడారం జిప్పులన్నీ మూసేయడం, మామూలు ఐస్ బదులు డ్రై ఐస్ తేవడం ప్రాణాంతకం. డ్రై ఐస్ కార్బన్ డయాక్సైడ్‌గా మారి మూసిన గుడారాన్ని నింపుతుంది. పిల్లలు మాటలు తడబడినా, మత్తుగా ఉన్నా, ఒళ్లు కాలిపోతున్నా వడదెబ్బగా భావించి, ఒంటి మీద నీళ్లు పోసి విసురుతూ, వెంటనే 108కి ఫోన్ చేయాలి.

పాకాల తోట:
అందరికీ కృతజ్ఞతలు. పగలు చెట్ల కింద ఉండి, గుడారాలను వరుసల మధ్య షేడ్‌నెట్ పందిరి కింద వేసి, పొద్దు గుంకగానే నెట్టు చుట్టేస్తాం. మధ్యాహ్నం తడి తెర కట్టే పని మా నాన్నగారిది, నిద్రవేళ సీసాల పెట్టె మా బావది. ఇక ఒకటే సందేహం. రాత్రి గుడారం పైనుండే వాన తొడుగును తీసేయవచ్చా?

పలమనేరు గాలి:
తీసేయండి. లోపలి జాలీ గుండా వేడి గాలి పైకి పోవాలంటే అది తీయవలసిందే. అయితే ఒక వైపు కొక్కేలు తగిలించే ఉంచి రెండో వైపుకు మడిచి పెట్టండి, జల్లు మొదలైతే చీకట్లో వెతుక్కోకుండా లాగి కప్పుకోవచ్చు.