నాన్న కాలి బొటనవేలు వాపు, యూరిక్ యాసిడ్ 8.9, పప్పు మాన్పించాలా?

బెజవాడ అబ్బాయి: నాన్నకి 71. మొన్న అర్ధరాత్రి కాలు పట్టుకుని లేచి కూర్చున్నారు, ఏదో కుట్టిందనుకుని మంచం కిందంతా టార్చి వేసి వెతికాం, తీరా చూస్తే బొటనవేలి మొదట్లో ఎర్రగా ఉబ్బిపోయి ఉంది, దుప్పటి అంచు తగిలినా కేకే. అంతకు ముందురోజే గుంటూరులో పెళ్లికెళ్లి ఆ ఎండలో తిరిగి, రొయ్యల వేపుడు గట్టిగానే లాగించారు లెండి. చుట్టాలంతా కందిపప్పు, పాలకూర మానేయమంటున్నారు. పప్పు లేకపోతే ఆయనకి ముద్ద దిగదు. బాబాయి వాడి వదిలేసిన అల్లోప్యూరినాల్ (యూరిక్ యాసిడ్ తగ్గించే బిళ్ల) ఇంట్లో ఉంది, వేసేయొచ్చా?

బ్రాడీపేట టీచరమ్మ: వద్దు బాబూ. ఇది గౌట్‌లా ఉంది, అంటే యూరిక్ యాసిడ్ కీలులో పేరుకుని వచ్చే వాపు, మావారికీ ఉంది. ముందు నొప్పీ వాపూ తగ్గడానికి కోల్చిసిన్ లాంటిది ఇస్తారు, అల్లోప్యూరినాల్ ఎప్పుడు, ఎంత అనేది కిడ్నీ పరీక్ష చూసి డాక్టరు చెప్పాలి. మావారికి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూశాకే 100 మి.గ్రా.తో మొదలెట్టారు, ఒంటిమీద దద్దుర్లు కనిపిస్తే ఆ క్షణమే ఆపేసి రమ్మన్నారు. పప్పూ ఆకుకూరా పాపం ఏం చేశాయి? మావారికి మాన్పించింది మేక లివరు, రొయ్యలు, బీరు. పప్పు ఇప్పటికీ రోజూ తింటున్నారు. జ్వరం కూడా ఉంటే మాత్రం ఇవాళే చూపించండి, కీలులో ఇన్ఫెక్షన్ వచ్చినా ఇలాగే ఉబ్బుతుంది.

మందుల షాపు: ఆయన బీపీకి ఏం వాడుతున్నారు? స్ట్రిప్పు మీద హైడ్రోక్లోరోథయాజైడ్ అని ఉంటే అది యూరిక్ యాసిడ్‌ని ఒంట్లోంచి సరిగా పోనివ్వదు, పైగా ఎండాకాలం నీళ్లు తక్కువ తాగితే ఇంకా పెరుగుతుంది. అలాగని మీ అంతట మీరే ఆపకండి, మార్చాలో వద్దో డాక్టరుని అడగండి. డైక్లోఫెనాక్ కొని మింగించడం కూడా వద్దు, ఆ వయసులో కిడ్నీలకి, కడుపుకి ప్రమాదం. ఇంకోటి, నొప్పి తగ్గాక ఎక్కువమంది యూరిక్ యాసిడ్ తగ్గించే రోజువారీ బిళ్ల మానేసి, కొన్ని నెలలకి కుంటుకుంటూ మళ్లీ మా కౌంటరు దగ్గరికే వస్తారు. యూరిక్ యాసిడ్‌ని 6 కంటే కిందకి దించి అక్కడే ఉంచితేనే కీళ్లలో పేరుకున్న స్ఫటికాలు కరుగుతాయి, దానికి నెలలు పడుతుంది.

బెజవాడ అబ్బాయి: జ్వరం లేదండీ. స్ట్రిప్పు చూశా, మీరన్న పేరే, 12.5 అని ఉంది. సాయంత్రం డాక్టరుకి చూపిస్తున్నాం. ఐసు ముక్కలు తుండుగుడ్డలో చుట్టి పెడితే కాసేపు కునుకు తీశారు. పప్పు తినొచ్చట అని అమ్మకి చెప్తుంటే లోపల్నుంచి "మరి రొయ్యలో?" అని వినిపించింది.