పాటల సీడీకి నమ్మదగిన ఖాళీ డిస్కు ఏది?

గంటస్తంభం, విజయనగరం:
నాన్నగారు క్యాసెట్లలో రికార్డు చేసిన జముకుల కథలను కంప్యూటర్‌లోకి ఎక్కించాను. బంధువుల ఇళ్లలో ఇంకా సీడీ ప్లేయర్లే ఉన్నందున ఆడియో సీడీలుగా ఇవ్వాలనుకుంటున్నాను. బజారులో విడిగా అమ్మే డిస్కులపై తయారీదారు పేరైనా లేదు, పైగా చివరి ట్రాకులు తెగిపోతున్నాయి. ఏవి కొనమంటారు?

నాగావళి తీరం, శ్రీకాకుళం:
మాస్టారూ, సీడీపై రాత లోపలి అంచు నుంచి బయటికి సాగుతుంది కనుక, నాసిరకం డిస్కులో లోపం తరచుగా బయటి అంచున, అంటే చివరి ట్రాకులలోనే బయటపడుతుంది. కొన్న డిస్కును ట్యూబులైటుకు ఎదురుగా పట్టి చూడండి. పూతలో సూదిమొనంత వెలుగుచుక్కలు కనిపిస్తే వాడకండి. రాత పడే పొరకు వాడే అజో, థాలోసయనిన్ రంగుపూతలు పాత సయనిన్ పూత కంటే వెలుతురును బాగా తట్టుకుంటాయి. జపాన్‌లో మంచి డిస్కులకు పేరున్న తాయియో యూదెన్ సంస్థ 2015లో డిస్కుల తయారీ మానేసింది. ఆ పేరుతో దొరికేది పాత నిల్వే. నేనైతే పెట్టెపై అజో అని స్పష్టంగా ఉన్న వెర్బాటిమ్ కంపెనీ సీడీ-ఆర్ (ఒక్కసారే రాయగల డిస్కు) తీసుకుంటాను.

బొబ్బిలి వీణ:
చెరిపి మళ్లీ రాయగల సీడీ-ఆర్‌డబ్ల్యూ మాత్రం వద్దు, పాత ప్లేయర్లు చాలావరకు దాన్ని చదవలేవు. 80 నిమిషాల డిస్కును అంచుదాకా నింపకుండా, 16ఎక్స్ వంటి మధ్యస్థ వేగంతో రాయండి. పేరు రాసే వైపే ఎక్కువ జాగ్రత్త అవసరం: అటు పూతపై పలుచని లక్క పొర మాత్రమే ఉంటుంది, కాబట్టి బాల్‌పెన్ను గీత కూడా చేటు చేస్తుంది.

గంటస్తంభం, విజయనగరం:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ముందు పది డిస్కుల పెట్టె ఒకటి తెప్పించి, చివరి ట్రాకుదాకా విని చెబుతాను.